మారుతి 800 ఇంజిన్‌లో చప్పుడు: ఇంటి దగ్గరే పిస్టన్లు మార్చుకునే విధానం

పాత మారుతి 800ని పొద్దున్నే స్టార్ట్ చేయగానే బానెట్ కింద టక్ టక్‌మని మొద్దు చప్పుడు వస్తుంది. రెండు మూడు కిలోమీటర్లు తిరిగాక తగ్గుతుంది. చూసినవాళ్లలో సగం మంది "పిస్టన్లు పోయాయి, ఇంజిన్ దించాల్సిందే" అంటారు, మిగతా సగం "ట్యాపెట్లే (వాల్వుల్ని నొక్కే భాగాలు), ఏం కాదు" అంటారు. పానాలు పట్టుకోవడం అలవాటున్నవాళ్లు ఓపిగ్గా చేస్తే ఈ రిపేరు ఇంటి దగ్గర చేసుకోవచ్చు. ఒక్క ఆదివారంలో అయ్యే పని మాత్రం కాదు. మధ్యలో లేత్ షాప్‌కి వెళ్లాల్సి రావచ్చు, బ్లాక్ అక్కడ కొన్నాళ్లు ఉండిపోవచ్చు. కాబట్టి రోజూ ఆఫీసుకి వెళ్లడానికి అదొక్కటే బండి అయితే ముందు వేరే ఏర్పాటు చూసుకోండి.

ఈ బండినే ఎంచుకోవడానికి కారణముంది. 1983 డిసెంబర్ నుంచి 2014 జనవరి దాకా తయారైన కారు ఇది. ఇంజిన్ ఎఫ్8బి, 796 సీసీ, మూడు సిలిండర్లు, బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 68.5 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 72 మి.మీ. ఓమ్ని వ్యాన్‌లోనూ ఇదే ఇంజిన్ కనుక సామాను ఇప్పటికీ దొరుకుతుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో గాజువాక ఆటోనగర్‌లోనో దీని పని చేతి మీదే తెలిసిన మిస్త్రీలు ఉంటారు. బానెట్ ఎత్తితే చేయి పట్టేంత జాగా కూడా ఉంటుంది. కింద చెప్పేదంతా కార్బురేటర్ మోడల్‌ని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఇంజెక్షన్ మోడల్ అయితే ఊడదీయాల్సిన కనెక్టర్లు పెరుగుతాయి, పని వరస మాత్రం ఇంచుమించు ఇదే.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య ఖాళీ పెరిగినప్పుడు ఈ చప్పుడు వస్తుంది. మంచి కండిషన్‌లో ఆ ఖాళీ మి.మీ.లో వందో వంతులు మాత్రమే, సుమారు 0.02 నుంచి 0.04 దాకా. గోడ అరిగిపోయి ఉంటే కొత్త స్టాండర్డ్ పిస్టన్ వేసినా ఆ ఖాళీ అలాగే ఉంటుంది, చప్పుడూ అలాగే ఉంటుంది. బోరు కొలవకుండా పిస్టన్లు కొనడం డబ్బు పారేసుకోవడమే. రిపేరు చేయించాక కూడా చప్పుడు పోలేదని బాధపడేవాళ్లలో చాలామంది విషయంలో జరిగింది ఇదే.

చప్పుడు ఎక్కడిదో తేల్చుకోవడం

హెడ్ (సిలిండర్ల పైన బిగించే మూత) మీద చేయి వేసే ముందు ఒక పూట దీనికే కేటాయించండి. పిస్టన్ కొట్టుకునే చప్పుడు మొద్దుగా, డొల్లగా ఉంటుంది. చల్లటి ఇంజిన్‌లో ఎక్కువ, వేడెక్కాక తక్కువ. అల్యూమినియం పిస్టన్ వేడికి ఇనుప సిలిండర్ కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, దాంతో ఖాళీ మూసుకుపోతుంది. యాక్సిలరేటర్ మీద కొంచెం లోడ్ పడగానే చప్పుడు పెరుగుతుంది.

ట్యాపెట్ల చప్పుడు ఇలా ఉండదు. పైన వాల్వ్ కవర్ దగ్గర సన్నగా, కుట్టుమిషన్ తిరుగుతున్నట్టు వినిపిస్తుంది. దీని వేగం ఇంజిన్ వేగంలో సగం. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకుల పనిముట్టు) పెట్టి ట్యాపెట్లు సెట్ చేస్తే గంటలో తేలిపోయే విషయం, కనుక ముందు ఇది చేయండి. చల్లటి ఇంజిన్‌లో 0.15 మి.మీ. దరిదాపుల్లో గ్యాప్ పెడతారు. మీ మోడల్‌కి సరైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

బాగా మోసం చేసేది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ప్యాకింగ్ లీకు. అది కూడా చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్‌మని, లోహం వేడెక్కి సందు మూసుకోగానే తగ్గుతుంది, అచ్చం పిస్టన్ చప్పుడులాగే. మానిఫోల్డ్ అతుకు దగ్గర నల్లటి మసి చారలున్నాయేమో చూడండి. ఉంటే ముందు ఆ ప్యాకింగ్ మార్చండి. ఆల్టర్నేటర్ బెల్టు, వాటర్ పంపు బేరింగు సంగతి తేల్చడానికి బెల్టు తీసేసి అర నిమిషం ఇంజిన్ నడిపితే చాలు. ఎత్తు ఎక్కేటప్పుడు పై గేర్‌లో మాత్రమే కిటకిటమంటుంటే అది నాకింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోవడం. ఇగ్నిషన్ టైమింగ్, లోపల పేరుకున్న కార్బన్ చూసుకోవాలి, పిస్టన్ల జోలికి పోనక్కర్లేదు.

అసలు భయపడాల్సింది బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌కి బిగిసే కింది కొస) చప్పుడుకి. బరువుగా, లోతుగా, కింద చాంబర్ (ఆయిల్ నిలిచే తొట్టి) వైపు నుంచి వస్తుంది. వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక తగ్గదు సరికదా, పెరుగుతుంది. ఇలాంటిది వినిపిస్తే బండి నడపడం అక్కడితో ఆపేయండి. కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాక్‌ని చీల్చుకుని బయటికి వస్తే ఇక రిపేరు చేయడానికి ఏమీ మిగలదు.

ఏ సిలిండరో తెలియాలంటే ఐడ్లింగ్‌లో ఒక్కో ప్లగ్ వైరు వంతులవారీగా తీసి చూడాలి. రబ్బరు పిడి ఉన్న ప్లయర్ వాడండి, తీసిన వైరు బాడీకి ఎర్త్ చేయండి, లేకపోతే గట్టి షాక్ కొడుతుంది. ఇంజెక్షన్ బండిలో వైరు బదులు ఇంజెక్టర్ కనెక్టర్ తీయాలి. ఏ వైరు తీసినప్పుడు చప్పుడు బాగా తగ్గిందో ఆ సిలిండర్‌లోనే పిస్టన్ గానీ బేరింగు గానీ వదులైందన్నమాట. ఏది తీసినా తేడా లేదంటే సమస్య ఇంకెక్కడో ఉంది.

తర్వాత కంప్రెషన్ పరీక్ష. ఇంజిన్ వేడి చేసి, మూడు ప్లగ్గులూ తీసి, కాయిల్ వైరు విప్పి, ప్లగ్ రంధ్రంలో కంప్రెషన్ గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కి నాలుగైదు చుట్లు క్రాంక్ చేయండి. ఒక్కో అంకె ఎంత అన్నదానికన్నా మూడిటి మధ్య తేడా ముఖ్యం. తక్కువ వచ్చిన దాంట్లో ప్లగ్ రంధ్రం గుండా ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులో బోరో అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు గానీ హెడ్ ప్యాకింగ్ గానీ. చప్పుడుతో పాటు నీలం పొగ, ఆయిల్ తాగడం, ఈ పరీక్షలో అంకె పెరగడం ఉంటే అప్పుడు హెడ్ దించండి. చప్పుడు పొద్దున ఓ నిమిషం మాత్రమే ఉండి, పొగ లేక, కంప్రెషన్ బాగుంటే నా సలహా ఒక్కటే: ఇంజిన్‌ని ముట్టుకోకండి. అలాంటి బండ్లు ఏళ్ల తరబడి హాయిగా తిరుగుతాయి.

సామాను, చోటు

మామూలు సాకెట్ సెట్‌తో పాటు టార్క్ రెంచ్, ఫీలర్ గేజ్, రింగులు నొక్కే కంప్రెసర్, రింగులు విప్పార్చే ప్లయర్ తప్పనిసరి. బోర్ గేజ్, మైక్రోమీటర్ కొనాల్సిన అవసరం లేదు, లేత్ షాప్‌లో కొలిపించుకోవచ్చు. టార్క్ రెంచ్ విషయంలో మాత్రం రాజీ పడకండి. చేతి అంచనాతో హెడ్ బిగించడం మన దగ్గర చాలా చోట్ల చూస్తాం. రాడ్ బోల్టులు అలా బిగించడం ప్రమాదం.

బండిని జాకీ మీద మాత్రమే నిలబెట్టి కిందికి దూరకండి. గట్టి స్టాండ్లు పెట్టి, చక్రాలకి అడ్డం వేయండి. బ్యాటరీ నెగెటివ్ విప్పండి. పెట్రోల్ పైపు విప్పే చోట సిగరెట్టు, వెల్డింగ్ ఏవీ ఉండకూడదు. ఇంకో మనిషి తోడు ఉండాలి.

విప్పడం

చల్లారిన ఇంజిన్ నుంచి కూలెంట్, ఆయిల్ దించండి. ఆ ఆయిల్‌ని మురికి కాలవలో పోయొద్దు, డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇవ్వండి. ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ పైపులు, ఎగ్జాస్ట్ పైపు, డిస్ట్రిబ్యూటర్ వరసగా విప్పండి. ప్రతి పైపు విప్పే ముందు ఫోన్‌తో ఫోటో తీసి, దానికి టేపు ముక్క అంటించి నంబరు వేయండి. ఈ బండిలో వ్యాక్యూమ్ పైపులు ఒకేలా కనబడతాయి, తిరిగి పెట్టేటప్పుడు అసలు చిక్కు అక్కడే.

టైమింగ్ బెల్టు తీసే ముందు మొదటి సిలిండర్, అంటే క్రాంక్ పుల్లీ వైపుది, కంప్రెషన్ టాప్‌కి (వాల్వులు మూసుకుని పిస్టన్ పైకొచ్చిన చోటికి) తెచ్చి క్యామ్ పుల్లీ, క్రాంక్ పుల్లీల మీద ఉన్న గుర్తుల్ని ఫోటో తీసుకోండి. రోటర్ ఏ వైపు చూస్తోందో డిస్ట్రిబ్యూటర్ బాడీ మీద గీయండి. ఈ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్ 1-3-2. హెడ్ బోల్టులు చివర్ల నుంచి మధ్యకి, కొంచెం కొంచెంగా వదులు చేయండి. హెడ్ అంటుకుని ఉంటే సందులో స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపకండి, అల్యూమినియం గీత పడిందంటే ప్యాకింగ్ నిలవదు. చెక్క ముక్క అడ్డం పెట్టి పక్కల మెల్లగా తట్టండి.

హెడ్ వచ్చాక సిలిండర్ పై అంచున గోరు పెట్టి చూడండి. అరిగిన బోరులో రింగు చేరని చోట ఒక మెట్టు మిగిలి ఉంటుంది. ఆ మెట్టు తీయకుండా పిస్టన్‌ని పైకి నెట్టితే రింగ్ ల్యాండ్ (పిస్టన్ మీద రింగుల మధ్య గట్టు) విరుగుతుంది. పాత పిస్టన్ మళ్లీ వాడే ఆలోచన ఉంటే ముందు రీమర్‌తో మెట్టు తీయాలి. గోరు గట్టిగా తట్టుకునేంత మెట్టు ఉందంటే బోరింగ్ (సిలిండర్‌ని లోపల కోసి వెడల్పు చేయడం) తప్పదని అప్పుడే అర్థమైపోతుంది.

కింద చాంబర్ విప్పి, అడుగున చేరిన మడ్డిని వేలితో రాసి చూడండి. రాగి రంగు తళుకులుంటే షెల్ బేరింగులు (క్రాంక్ తిరిగే చోట ఉండే సన్నటి లోహపు రేకులు) అరుగుతున్నాయి. ప్రతి కనెక్టింగ్ రాడ్‌కీ దాని క్యాప్‌కీ సిలిండర్ నంబరు వేయండి. ఒక రాడ్ క్యాప్ ఇంకో రాడ్‌కి పనికిరాదు, అదే రాడ్‌కైనా తిప్పి వేయకూడదు. క్యాప్ తీశాక రాడ్ బోల్టులకి రబ్బరు పైపు ముక్కలు తొడిగి, సుత్తి పిడితో పిస్టన్‌ని పైకి నెట్టండి. రబ్బరు తొడగకపోతే బోల్టు మర క్రాంక్ జర్నల్‌ని (బేరింగు కూర్చునే నున్నటి భాగాన్ని) గీస్తుంది. పిస్టన్ నెత్తిన బాణం గుర్తు క్రాంక్ పుల్లీ వైపు చూస్తుంటుంది. రాడ్ మీది ఆయిల్ రంధ్రం ఏ వైపు ఉందో కూడా రాసుకోండి.

బోరు కొలత

ఈ పని మొత్తంలో నిర్ణయం తీసుకునే చోటు ఇదే, కనుక ఇక్కడ నిదానంగా ఉండండి. ఒక్కో సిలిండర్‌ని పైన, మధ్యలో, కింద, మూడు లోతుల్లో కొలవాలి. ప్రతి లోతులోనూ క్రాంక్ వెంబడి ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. సిలిండర్‌కి ఆరు, మొత్తం 18 అంకెలు. అన్నీ కాగితం మీద రాయండి. అరుగుదల సాధారణంగా పైన, టాప్ రింగు ఆగే చోట, అడ్డం దిశలో ఎక్కువ. ఎందుకంటే పెట్రోల్ మండినప్పుడు పిస్టన్‌ని గోడకేసి తోసే బలం అటే పడుతుంది.

పిస్టన్‌ని ఎక్కడ పడితే అక్కడ కొలవకూడదు. అది పూర్తి గుండ్రం కాదు, కొద్దిగా కోడిగుడ్డు ఆకారం. పిన్‌కి అడ్డంగా, స్కర్ట్ కింది భాగంలో మైక్రోమీటర్ పెట్టాలి. బోరు అంకెలోంచి ఈ అంకె తీసేస్తే ఖాళీ వస్తుంది.

ఇక రెండే దారులు. బోరు దాదాపు స్టాండర్డ్‌లో ఉండి, పై కొలతకీ కింది కొలతకీ, రెండు దిశలకీ తేడా 0.05 మి.మీ. లోపు ఉంటే, పిస్టన్ స్కర్ట్ మాత్రమే అరిగినట్టు. కొత్త స్టాండర్డ్ పిస్టన్లు, రింగులు వేసి, బోరుకి హోనింగ్ (గోడని సానరాయితో సన్నగా రుద్దడం) చేస్తే చప్పుడు పోతుంది. తేడా 0.10కి చేరిందంటే బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయాలి. మధ్యలో ఉన్నదాని గురించి అడిగితే, ఇంజిన్ ఎలాగూ విప్పాం కనుక బోరింగే చేయించమంటాను. రింగులు మాత్రం మార్చి సరిపెట్టిన ఇంజిన్ కొంతకాలానికి మళ్లీ పొగ పెడుతుంది. ఓవర్‌సైజ్‌లు 0.25, 0.50 మి.మీ. అని వస్తాయి. 0.50 వేస్తే బోరు 69 అవుతుంది, ఇంజిన్ 796 నుంచి సుమారు 808 సీసీకి పెరుగుతుంది. నడపడంలో ఆ తేడా తెలియదు.

బోరింగ్ అంటే గేర్‌బాక్స్ విడదీసి, ఇంజిన్ దించి, క్రాంక్ తీసి ఖాళీ బ్లాక్ ఇవ్వాలి. చైన్ పుల్లీ అద్దెకి తెచ్చుకోండి, చేతుల మీద ఎత్తొద్దు. బండిలోనే ఉంచి హోనింగ్ చేస్తారు కొందరు. రాతి పొడి క్రాంక్ మీద పడుతుంది, ఎంత గుడ్డ కప్పినా కొంత మిగులుతుంది. ఆ పొడి తర్వాత బేరింగుల్ని తినేస్తుంది. నా మట్టుకు నేను ఇంజిన్ దించి చేయడమే సరైన పద్ధతి అంటాను.

బ్లాక్ చీలిందనో, ఓవర్‌సైజ్ కూడా దాటిపోయిందనో ఎవరైనా సెకండ్‌హ్యాండ్ బ్లాక్ ఇస్తామంటే ఒక విషయం మర్చిపోకండి. ఇంజిన్ నంబరు బ్లాక్ మీదే ఉంటుంది. బ్లాక్ మారితే ఆర్టీఏ ఆఫీసులో చెప్పి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించేటప్పుడు నంబరు కలవకపోతే పెద్ద టెన్షన్. దానికన్నా పాత బ్లాక్‌కే స్లీవులు (సిలిండర్‌లో దించే కొత్త గొట్టాలు) వేయించడం మేలు.

పిస్టన్లు ముందు, బోరింగ్ తర్వాత

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు పిస్టన్ సెట్ కొని, మూడిటినీ బ్లాక్‌తో పాటు లేత్ షాప్‌లో ఇవ్వండి. వాళ్లు ఒక్కో పిస్టన్‌ని కొలిచి, దానికి తగ్గ ఖాళీతో ఒక్కో సిలిండర్‌ని కోస్తారు. ఏ పిస్టన్ ఏ సిలిండర్‌కో నంబరు వేయించుకుని, చివరి కొలతలు రాసివ్వమని అడగండి. "ఓ సైజు పెంచేశాం, సరిపోద్ది" అనే షాప్ అయితే ఇంకో షాప్ చూసుకోండి. మూడు పిస్టన్లూ ఒకే పెట్టెలోవి అయి ఉండాలి. తూకం వేసి చూస్తే తేడా ఒకటి రెండు గ్రాములకి మించకూడదు. మూడు సిలిండర్ల ఇంజిన్‌కి వణుకు ఎలాగూ ఎక్కువే, మనం ఇంకా పెంచకూడదు.

పిన్‌కి రెండు పక్కలా లాక్ రింగులుంటే ఇంట్లో మార్చుకోవచ్చు. పిన్ రాడ్‌లో బిగుతుగా ప్రెస్ చేసి ఉంటే సుత్తితో కొట్టకండి, రాడ్ వంగుతుంది. అది కూడా లేత్ షాప్‌లోనే చేయించండి. క్రాంక్ జర్నల్స్ గోరుకి గీతలు తగిలితే గ్రైండింగ్ చేయించి అండర్‌సైజ్ షెల్స్ వేయాలి. నున్నగా ఉన్నా షెల్ బేరింగులు కొత్తవే వేయండి. ఆయిల్ పంపు, దాని జల్లెడ కూడా ఇప్పుడే చూసుకోండి.

కడగడం, రింగులు

లేత్ షాప్ నుంచి వచ్చిన బ్లాక్‌ని పెట్రోల్‌తో తుడిచి బిగించేస్తే కొత్త రింగులు నెలల్లో అరుగుతాయి. హోనింగ్ రాతి పొడి గోడ గీతల్లో ఇరుక్కుని ఉంటుంది, పెట్రోల్ దాన్ని పైకి తేలేదు. వేడినీళ్లు, బట్టల సబ్బు, గట్టి బ్రష్షుతో రుద్ది కడగండి. తెల్ల గుడ్డతో తుడిస్తే బూడిద రంగు అంటకూడదు. అంటినన్నాళ్లూ మళ్లీ కడగాల్సిందే. ఆరిన మరుక్షణం ఆయిల్ రాయండి, ఇనుము మన గాలికి గంటల్లో తుప్పు పడుతుంది. ఆయిల్ దారులన్నీ గాలి కొట్టి శుభ్రం చేయండి. హెడ్ బోల్టుల రంధ్రాల్లో ఆయిల్, నీళ్లు నిలిచి ఉంటే బోల్టు బిగించేటప్పుడు ఆ ఒత్తిడికి బ్లాక్ పగలొచ్చు. వాటిని పూర్తిగా ఆరబెట్టండి.

ప్రతి రింగునీ దాని సిలిండర్‌లోనే పెట్టి, పిస్టన్‌ని తలకిందులుగా దూర్చి సమానంగా కిందికి జరిపి, కొసల మధ్య గ్యాప్ కొలవండి. ఈ బోరుకి టాప్ రింగు గ్యాప్ సుమారు 0.2 నుంచి 0.3 మి.మీ. ఉంటే సరిపోతుంది. గ్యాప్ మరీ తక్కువైతే వేడికి కొసలు తగులుకుని బోరు చీరుకుపోతుంది. అలాంటప్పుడు సన్న ఆకురాయితో కొసను కొద్దికొద్దిగా రాయాలి. గుర్తు ఉన్న పక్క పైకి రావాలి. ఆయిల్ రింగు లోపలి స్ప్రింగ్ కొసలు ఒకదానికొకటి ఆనాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. పై రెండు రింగులు, ఆయిల్ రింగు కొసల్ని ఒకదానికొకటి దూరంగా, ఒకే గీతలో పడకుండా తిప్పి పెట్టండి.

బిగింపు

పిస్టన్, రింగులు, బోరు, షెల్స్ అన్నిటికీ ఆయిల్ బాగా రాయండి. బాణం పుల్లీ వైపు ఉందో లేదో రెండుసార్లు చూడండి. చాలా పిస్టన్లలో పిన్ సరిగ్గా నడిమధ్యలో ఉండదు, చప్పుడు తగ్గాలనే కొద్దిగా పక్కకి పెడతారు. పిస్టన్ తిరగేసి పెడితే కొత్త ఇంజినే టకటకలాడుతుంది. కంప్రెసర్‌తో రింగుల్ని నొక్కి, సుత్తి చెక్క పిడితో మెల్లగా దించండి. ఎక్కడైనా ఆగితే కొట్టొద్దు, బయటికి తీసి చూడండి. ఒక రింగు బయటికి వచ్చి ఉంటుంది. ఒక్కో పిస్టన్ ఎక్కించాక క్రాంక్‌ని చేత్తో తిప్పి చూడండి. ఒకేలా, నున్నగా తిరగాలి. ఏదైనా క్యాప్ బిగించగానే బిగుసుకుపోతే అక్కడే ఆగి కారణం వెతకండి.

హెడ్ మీద స్కేలు నిలబెట్టి కింద 0.05 మి.మీ. ఫీలర్ దూరుతుందేమో చూడండి. దూరితే హెడ్ ఫేసింగ్ (అడుగు చదును చేయడం) చేయించాలి. ప్యాకింగ్ కొత్తదే వేయండి, దాని మీద ఏ గమ్మూ పూయొద్దు. హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి, మూడు విడతలుగా, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించండి. టైమింగ్ బెల్టు కూడా కొత్తది వేసి, గుర్తులు కలిపి, స్టార్టర్ ముట్టుకోకముందే క్రాంక్‌ని పానాతో రెండు పూర్తి చుట్లు తిప్పండి. గుర్తులు మళ్లీ కలిశాయంటే సరిగ్గా ఉన్నట్టు. ట్యాపెట్లు సెట్ చేసి కవర్ మూయండి.

మొదటి స్టార్ట్, మొదటి వెయ్యి కిలోమీటర్లు

కొత్త ఫిల్టర్, మామూలు మినరల్ 20డబ్ల్యూ-40 ఆయిల్, కూలెంట్ పోయండి. సింథటిక్ ఇప్పుడే వద్దు, రింగులు గోడకి కుదురుకోవాలి. ప్లగ్గులు తీసి, కాయిల్ వైరు విప్పి, ఆయిల్ లైటు ఆరేదాకా విడతలుగా క్రాంక్ చేయండి. తర్వాత ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేయండి. మూసిన షెడ్డులో మాత్రం కాదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. కాసేపు తెల్లపొగ, ఆయిల్ కాలే వాసన సహజం. లీకులు, టెంపరేచర్ చూసుకుని, గంటలకొద్దీ ఐడ్లింగ్‌లో ఉంచకుండా బండిని రోడ్డెక్కించండి. రింగులు కుదురుకోవడానికి కొంత లోడ్ కావాలి.

మొదటి 500 కి.మీ. గంటకి 60 దాటొద్దు. హైవే మీద ఒకే వేగంతో గంటసేపు పోవడం కన్నా ఊళ్ల మధ్య వేగం పెంచుతూ తగ్గిస్తూ నడపడం మంచిది. పై గేర్‌లో ఇంజిన్ గునిసేలా ఎత్తులు ఎక్కించొద్దు, నిండా మనుషుల్ని ఎక్కించొద్దు. 500 దగ్గర ఆయిల్, ఫిల్టర్ మార్చి, ట్యాపెట్లు మళ్లీ చూడండి. పాత ఫిల్టర్ కోసి కాగితం మడతలు విప్పి చూస్తే కొద్దిగా సన్నటి లోహపు పొడి కనబడుతుంది, అది మామూలే. పొరలుగా, పెచ్చులుగా ఉంటే బేరింగుల్ని మళ్లీ చూడాల్సిందే.

1000 కి.మీ. నిండాక కంప్రెషన్ మరోసారి చూడండి. ఆ మూడు అంకెల్నీ లేత్ షాప్ రాసిచ్చిన బోరు కొలతల కాగితం మీదే తేదీతో, కిలోమీటర్ రీడింగ్‌తో రాసి బండి కాగితాలతో పాటు పెట్టండి. ఎన్నేళ్లకైనా ఈ ఇంజిన్ మళ్లీ విప్పే మనిషికి ముందు కావాల్సింది అదే.